పన్నెండో తారీఖు రెండుసార్లు

తాళాలాయన ముందు మనుషుల్ని చూడలేదు. తలుపు చూశాడు.

అచ్చాఫీసు మేడమీద టైపు గది తలుపు అది. తాళం చెక్కలోనే బిగించి ఉంది. మోకాళ్ళమీద కూర్చుని, తాళంచెవి దూరే కంత చుట్టూ బొటనవేలితో రాశాడు. గీతలు తగిలాయి. కంతకు పైన, కింద, పక్కన, ఎక్కడ పడితే అక్కడ. కొన్ని నల్లబడ్డాయి. చాలా మటుకు ఇంకా మెరుస్తున్నాయి.

"మావయ్యా, మనం వచ్చింది కంప్యూటరు చూడ్డానికి. తలుపు ఎక్కడికీ పారిపోదు" అంది వెనకనుంచి కోడలు.

"కంప్యూటరూ పారిపోదుగా" అని లేచాడు. చెప్పాల్సింది అంతే అన్నట్టు చేతులు దులుపుకున్నాడు.

ముప్పై ఏళ్ళు తాళాలు బాగుచేసిన మనిషి ఆయన. ఏ దొంగ ఏ తాళం ఎలా తీశాడో పోలీసులకు చెప్పీ చెప్పీ, చివరికి తీసిందెవరో కూడా చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పైన అదే వృత్తి అయింది. పేరు మాత్రం పాతదే మిగిలింది. ఆయన కొట్టులో ఇప్పుడు సగం బల్ల కోడలిది. ఆవిడ కంప్యూటర్లు విప్పి బిగిస్తుంది. మిగతా సగంలో ఆయన కూర్చుని, వచ్చినవాళ్ళు చెప్పేది వింటాడు.

నిన్న వచ్చినావిడ ఈ అచ్చాఫీసులో టైపు కొట్టే టైపమ్మకు అత్తగారు. కుర్చీలో కూర్చోకుండానే, "నా కోడలికి నోటి దురుసు ఉంది, నేను కాదనను. చేతి దురుసు మాత్రం లేదు. పసిపిల్లలకు విషం పెట్టే రకం కాదు. అది నిరూపిస్తారా, లేకపోతే ఇంకోళ్ళని చూసుకోనా?" అంది.

అత్తగారు కోడలి తరఫున ఒక మాట అనడం తాళాలాయన అరుదుగా విన్నాడు. అందుకే ఒప్పుకున్నాడు.

సంగతి ఇదీ. ఈ అచ్చాఫీసు మందుల పెట్టెల్లో మడతపెట్టి పెట్టే కాగితాలు అచ్చువేస్తుంది. ఏ వయసుకు ఎంత మందు, రోజుకెన్నిసార్లు అని రాసి ఉండే కాగితాలు. పిల్లల జ్వరం సిరప్ కాగితంలో ఐదు మిల్లీలీటర్లు అని ఉండాల్సిన చోట పదిహేను పడింది. తొమ్మిది మంది పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. ఎనిమిది మంది ఇంటికొచ్చారు. మూడేళ్ళ పాప ఒకతి ఇంకా కళ్ళు తెరవలేదు.

టైపమ్మ కంప్యూటర్లో ఉన్న ఫైలు తెరిస్తే అందులోనూ పదిహేనే ఉంది. ఆ ఫైలు చివరిసారి భద్రపరిచిన సమయం పన్నెండో తారీఖు ఉదయం పదకొండూ ఇరవై. ప్రూఫు చదివి సరిగ్గా ఉందని సంతకం పడింది అదే రోజు పదిన్నరకు. అంటే సంతకం పడ్డాక ఎవరో మార్చారు. ఆ కుర్చీలో ఉన్నది టైపమ్మ. ఆ వారమే సెలవు ఇవ్వలేదని యజమానితో గొడవపడింది కూడా.

మందుల కంపెనీ పంపిన పరిశోధకుడు ఈ లెక్కంతా రెండు పేజీల్లో రాసి పోలీసులకిచ్చాడు. సాయంత్రం నాలుగింటికి జీపు వస్తుంది. టైపమ్మను తీసుకుపోతుంది.

ఇప్పుడు పదకొండున్నర.

*

టైపమ్మ యజమాని గదిలో కూర్చుని ఉంది. నలభై లోపు వయసు. ఏడ్చిన ముఖం కాదు, కోపం వచ్చిన ముఖం. ఎడమ చెయ్యి బల్లమీద పెట్టింది. చిటికెన వేలు కర్రముక్కలా నిటారుగా నిలబడి ఉంది.

"పన్నెండో తారీఖు పదకొండూ ఇరవైకి ఎక్కడున్నావమ్మా?" అన్నాడు తాళాలాయన.

"నా కుర్చీలోనే. ఇంకెక్కడుంటానండీ? నీళ్ళకి లేచినా మా యజమానిగారు గడియారం చూస్తారు."

తలుపు దగ్గర నిలబడ్డ యజమాని దగ్గాడు.

"ఏం కొడుతున్నావు అప్పుడు?"

"సబ్బు పెట్టె మీది మాటలు. పదీ నలభైకి మొదలుపెట్టి ఒంటిగంట దాకా అదే. నురగ ఎక్కువ, సువాసన ఎక్కువ అని నాలుగు వైపులా నాలుగు రకాలుగా రాయించారు."

"జ్వరం మందు కాగితం మళ్ళీ తెరిచావా?"

"ఎందుకు తెరుస్తానండీ? పదిన్నరకి అన్నయ్య చదివి సంతకం పెట్టేశారు. సంతకం పడ్డాక ఆ ఫైలు పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరంతో సమానం. వేలు పెట్టం."

"అన్నయ్య ఎవరు?"

"ప్రూఫు మాస్టారు. పదకొండేళ్ళుగా నా పక్క కుర్చీ. నాకు సొంత అన్నయ్య లేడు. ఉన్నా ఇంతలా చూసుకునేవాడు కాదేమో. నేను తప్పు కొడితే నాకు చీవాట్లు పడకుండా ఆయనే దిద్దేస్తారు."

తాళాలాయన ఆ మాట దగ్గర కాస్త ఆగాడు. తరవాత ఆమె మెడవైపు చూశాడు. నల్లతాడుకు వేలుగోరంత పెన్‌డ్రైవ్ వేలాడుతోంది.

"అదేమిటి, తాయెత్తా?"

టైపమ్మ మొదటిసారి నవ్వింది. "మా సెట్టింగులండీ. నాకీ చిటికెన వేలు చిన్నప్పట్నుంచి వంగదు. అందుకని మేం టైపు కొట్టే ప్రోగ్రాం, ఎడిటర్లో మీటలన్నీ నా చేతికి వీలుగా మార్చి పెట్టుకున్నాను. అక్షరాల సైజు, రంగు అన్నీ ఇందులో ఉంటాయి. ఇక్కడ అందరికీ ఎవరిది వాళ్ళకుంది. ఒక మిషను మొరాయిస్తే పక్క మిషనుకి పోతాం. ఇది గుచ్చితే చాలు, మన చెప్పులు మనం వేసుకున్నట్టు ఉంటుంది."

"నీ సెట్టింగులతో వేరేవాళ్ళు కొట్టగలరా?"

"ఒక్క మాట కూడా కొట్టలేరు. 'క' కొడితే 'మ' పడుతుంది. మొన్న యజమానిగారు ఏదో ఉత్తరం కొట్టుకుంటానని కూర్చుని, మిషన్‌కి గాలి సోకిందన్నారు."

"అయితే ఎడిటర్ సరంజామా అంతా ఈ తాయెత్తులోనేనా?"

"అంతా ఇందులోనే. పీకి మెళ్ళో వేసుకుంటే ఆ మిషన్లో మా ఆనవాలు కూడా మిగలదు. ఈ ఆఫీసులో ఎవర్నడిగినా అదే చెప్తారు."

కోడలు మామగారి వైపు చూసి కనుబొమ్మ ఒకటి పైకెత్తింది. ఆయన చూడనట్టే ఊరుకున్నాడు. చూశాడు.

*

ప్రూఫు మాస్టారు నడవాలో ఎదురుచూస్తున్నాడు. అరవై దగ్గరి మనిషి. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, జేబులో ఎర్ర కలం. గొంతు మెత్తన.

"ఆ అమ్మాయి అలాంటిది కాదండీ. నేనెక్కడైనా చెప్తాను" అన్నాడు ముందే.

"చెప్పాల్సిన అవసరం రాకూడదనే నేనూ చూస్తున్నాను. ప్రూఫు రిజిస్టరు ఒకసారి ఇప్పిస్తారా?"

మాస్టారు నడవా చివర అలమర దగ్గరికి నడిచాడు. తాళాలగుత్తి తీశాడు. గుత్తిలో నాలుగు తాళంచెవులు, ఒక పాత పెన్‌డ్రైవ్. ఎడమ బొటనవేలి గోరు తాళం మీద పెట్టి, కంత తగిలేదాకా జరిపి, ఆ గోటి పక్కనించి చెవి లోపలికి దూర్చాడు. మొదటిసారి జారింది. రెండోసారి దూరింది.

రిజిస్టరు తీసి చేతికిస్తూ, "పన్నెండో తారీఖు, ఉదయం పదిన్నర, జ్వరం సిరప్. అందులో ఐదే ఉంది, నేను చదివాను. నా సంతకం ఉంది" అన్నాడు. పుస్తకం ఇంకా తెరవలేదు.

"ఆ చదివిన కాగితం ఉందా?"

"అచ్చయ్యాక చించేస్తామండీ. వాటితోనే కట్టలు కడతాం."

"పొద్దున్నే టైపు గది తలుపు తీసేదెవరు?"

"నేనే. ఇంకో తాళంచెవి యజమానిగారి దగ్గరుంటుంది. ఆయన ఇరవై మూడు నుంచి ఊళ్ళో లేరు. ఇరవై ఏడు మధ్యాహ్నం వచ్చారు."

"పిల్లల సంగతి ఇక్కడికి ఎప్పుడు తెలిసింది?"

"ఇరవై ఆరు సాయంత్రం. ఆరింటికి. అందరం ఇళ్ళకి వెళ్ళబోతుంటే కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు." ఆయన కలం క్లిప్పు సవరించుకున్నాడు. "ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు."

"ఎవరికి మాత్రం పడుతుంది లెండి" అన్నాడు తాళాలాయన. రిజిస్టరు తెరిచి చూశాడు. పన్నెండో తారీఖు గడిలో పదిన్నర అనే ఉంది. సంతకం మాత్రం గీత మీద కూర్చోలేదు. గీత దాటి కింది గడిలోకి దిగింది. చాలా పేజీలు వెనక్కి తిప్పాడు. ఏడాది కిందటి సంతకాలు గీతల మీద చక్కగా కూర్చుని ఉన్నాయి.

పుస్తకం మూసి తిరిగి ఇచ్చేశాడు.

*

టైపు గదిలో టైపమ్మ వాడే మూడో నంబరు మిషను ముందు కోడలు కూర్చుంది. ఇంకా మీట ముట్టుకోలేదు. అప్పుడే వెనక బూట్ల చప్పుడైంది.

"తాళాలాయన గారూ! ఇక్కడేదైనా తాళం చెడిందని ఎవరైనా కబురు పెట్టారా?"

కంపెనీ తరఫు పరిశోధకుడు. ఎండాకాలంలోనూ కోటు విప్పడు గనక అందరూ కోటు సారు అంటారు. చంకలో తోలు సంచి.

"చెడిందనే అనుమానం. ఏ తాళమో చూస్తున్నాం" అన్నాడు తాళాలాయన.

"చూడ్డానికేముంది? ఫైలు నేను చూశాను. పన్నెండు, పదకొండూ ఇరవై. మనిషి అబద్ధం ఆడుతుంది గానీ మిషను ఆడదు. మీరు తలుపులు చూసుకోండి, కంప్యూటర్లు మాకొదిలెయ్యండి."

"ఫైలు ఒక్కటే చూశారా?" అంది కోడలు, కుర్చీ ఇటు తిప్పి.

"ఇంకేం చూడాలమ్మా? హత్య జరిగితే కత్తి చూస్తారు. వంటింట్లో గరిటెలు లెక్కపెట్టరు."

"గరిటెలు లెక్కపెడితే ఏ గరిటె తగ్గిందో తెలిసేది కద సార్."

కోటు సారు నవ్వలేదు. "మీ కోడలికి మాటలు బాగా వచ్చు."

"పనీ వచ్చు" అన్నాడు తాళాలాయన. "అమ్మాయీ, ఆ ఎడిటర్ తన సామాను ఎక్కడెక్కడ పెడుతుందో, నాకు అర్థమయ్యేట్టు చెప్పు. సారు కూడా వింటారు."

కోడలు మూడు వేళ్ళు ఎత్తింది.

"మన కొట్టు అనుకోండి మావయ్యా. మీ పనిముట్లు ఏ వరసలో పెట్టుకోవాలి, దీపం ఎంత ఎత్తున ఉండాలి, అది మీ అలవాటు. ఎడిటర్‌కి అవే సెట్టింగులు. వాటికి ఒక అర. మీరు విప్పి పెట్టిన తాళాలు, తీసేసిన పాత స్ప్రింగులు, మళ్ళీ కావాల్సొస్తాయేమోనని డబ్బాలో వేస్తారు చూడండి, అది డేటా. దానికి ఇంకో అర. ఇక మీరు గోడమీద సుద్దముక్కతో రాసేవారే, ఎవరొచ్చారు, ఎన్నింటికొచ్చారు, ఏ తాళం తెచ్చారు అని. అది లాగ్. అది మూడో అర. మూడూ ఒక్కచోట ఉండవు. పైగా మామూలుగా చూస్తే కనబడవు, దాచిన అరలు."

"ఇక్కడ వీళ్ళంతా పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళేది?"

"మొదటిదొక్కటే. పనిముట్ల వరస మాత్రమే. డబ్బా, గోడ, రెండూ మిషన్లోనే ఉండిపోతాయి. కుర్చీ ఎవరిదైతే వాళ్ళ గోడ మీదే రాత పడుతుంది. వీళ్ళకి తెలీదు. పదేళ్ళుగా అంతా మెళ్ళో వేసుకుని తిరుగుతున్నామని అనుకుంటున్నారు."

కోటు సారు ముఖంలో ఏదో కదిలింది. వెంటనే సర్దుకున్నాడు. "బాగుంది. ఇప్పుడు మీరా అరలు తెరుస్తారు. అందులో మీక్కావాల్సింది దొరుకుతుంది. రేపు కోర్టులో నేను లేచి, ఆ రాత ఈవిడే రాసిపెట్టిందంటాను. ఏం చేస్తారు?"

"అందుకే ఇంతసేపూ మీట ముట్టుకోలేదు" అన్నాడు తాళాలాయన. "ఇరవై ఏడు మధ్యాహ్నం మీరొచ్చి ఈ మిషన్ మొత్తానికి నకలు తీశారట. సీలు వేశారట. మీ సంతకమే ఉందట. ఆ సంచిలో ఉన్నది అదేనా?"

కోటు సారు సంచిని కాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"రెండు రోజులుగా చంకలో పెట్టుకు తిరుగుతున్నారు సార్" అంది కోడలు. "దాంట్లో చూద్దాం. మీ కంప్యూటర్లో, మీ చేతుల్తోనే. నేను ఎక్కడ నొక్కాలో చెప్తానంతే."

కాదంటే యజమాని ఎదురుగా కాదనాలి. కోటు సారు గడియారం చూశాడు. రెండుంపావు. సంచి జిప్పు లాగాడు.

*

తాళాలాయన అందరినీ పిలిపించాడు. యజమాని గోడకానుకుని నిలబడ్డాడు. టైపమ్మ తన పాత కుర్చీలో కూర్చుంది. ప్రూఫు మాస్టారు ఆమె పక్కన, పదకొండేళ్ళుగా కూర్చున్నచోటే.

కోటు సారు సీలు చింపాడు. కోడలు చెప్పిన చోటల్లా నొక్కుతూ పోయాడు. దాచిన అరలు తెరపైకొచ్చాయి. ముందు సెట్టింగుల అర. ఖాళీ.

"చూశారా!" అన్నాడు.

"అది ఖాళీగానే ఉండాలి సార్. అది వాళ్ళ మెడల్లో ఉంది. కిందికి రండి."

లాగ్ తెరుచుకుంది. సన్నటి వరసలు, ఒకదాని కింద ఒకటి.

"పైనుంచి చదవండి" అన్నాడు తాళాలాయన. "పన్నెండో తారీఖు మొదలుపెట్టండి."

కోటు సారు చదివాడు. "పన్నెండు, పదీ నలభై. తెరిచారు. సెట్టింగులు పెన్‌డ్రైవ్ నుంచి. అక్షరం సైజు పదహారు. ఫైలు, సబ్బు పెట్టె. పన్నెండు, ఒకటీ ఐదు. మూసేశారు."

"మధ్యలో పదకొండూ ఇరవైకి ఏమీ లేదా?"

"...లేదు."

టైపమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. కోటు సారు చెయ్యెత్తి ఆపాడు. "ఫైలు మీద సమయం ఉంది కదా. అది గాల్లోంచి రాదు."

"రాదు. ఇంకా కిందికి పోండి. ఇరవై ఆరు దాకా."

వరసలు జరిగాయి.

"ఇరవై ఆరు, సాయంత్రం ఆరూ రెండు. మూసేశారు." కోటు సారు ఆగాడు. తల ముందుకు వంచాడు. మళ్ళీ చదివాడు, ఈసారి నెమ్మదిగా. "దాని కింద... పన్నెండు. పదకొండూ పద్దెనిమిది. తెరిచారు."

"మళ్ళీ పన్నెండా?" అన్నాడు యజమాని. "ఇరవై ఆరు తరవాతా?"

"మీ హాజరు పుస్తకంలో ఇరవై ఆరో తారీఖు సంతకం కింద ఎవరైనా పన్నెండో తారీఖు సంతకం పెడితే ఏమంటారు?" అన్నాడు తాళాలాయన.

"దొంగ సంతకం అంటాను."

"ఇదీ అంతే. మిషన్ గడియారాన్ని వెనక్కి తిప్పి పన్నెండు చేశారు. ఫైలు మార్చారు, భద్రపరిచారు. మళ్ళీ ముందుకి తిప్పేశారు. ఫైలు నమ్మింది, మన కోటు సారు నమ్మారు. గోడ మాత్రం వచ్చినవాణ్ణి వచ్చిన వరసలోనే రాసుకుంది. దాని తరవాతి వరస ఏమిటి సార్?"

"ఇరవై ఏడు, ఉదయం తొమ్మిదీ పదకొండు. తెరిచారు. సైజు పదహారు."

"అది నేనే" అంది టైపమ్మ.

"అంటే ఇరవై ఆరు సాయంత్రం ఆరూ రెండుకీ, మర్నాడు తొమ్మిదీ పదకొండుకీ మధ్య. అందరూ వెళ్ళిపోయాక, లేదా ఎవరూ రాకముందు. ఆ దొంగ పన్నెండు వరస పూర్తిగా చదవండి."

కోటు సారు గొంతు తగ్గింది. "సెట్టింగులు పెన్‌డ్రైవ్ నుంచి. అక్షరం సైజు..." కళ్ళు చిట్లించాడు. "నలభై ఎనిమిది."

"తప్పు చదివారేమో" అన్నాడు యజమాని. "నలభై ఎనిమిది పెడితే తెరమీద నాలుగు మాటలు కూడా పట్టవు."

"సరిగ్గానే చదివాను" అన్నాడు కోటు సారు. ఆయన గొంతులో ఆ ధాటి పోయింది. కోడలు అడక్కుండానే డేటా అర కూడా తెరిచాడు. అక్కడ ఆ ఫైలులో చెరిపేసిన పాత ముక్క దాచి ఉంది. వెనక్కి తీసుకునే మీట ఒకసారి నొక్కాడు. తెరమీద 15 పోయి 5 వచ్చింది.

తాళాలాయన తెర చూడ్డం లేదు. టైపమ్మను చూస్తున్నాడు. బయటపడ్డ మనిషి ముఖం వెలిగిపోవాలి. ఆమె ముఖం అందుకు తగ్గట్టు లేదు. చూపు బల్లమీద పాతేసుకుంది. పక్కకి తిరగకూడదని మెడ బిగబట్టుకుంది.

ఆమెకు తెలుసు. నలభై ఎనిమిది ఎవరి సైజో పక్క కుర్చీకి తెలియకుండా ఎలా ఉంటుంది?

"అమ్మా, ఎవరిదో చెప్తావా?" అన్నాడు మెల్లిగా.

"నాకు తెలీదండీ."

"నాలుగింటికి జీపు వస్తుంది."

"నాకు తెలీదన్నాను కదా!"

"చెప్పెయ్యమ్మా" అన్నాడు పక్కనించి ప్రూఫు మాస్టారు. తాళాలగుత్తి బల్లమీద పెట్టాడు. పెన్‌డ్రైవ్ చెక్కకు తగిలి చిన్న చప్పుడు చేసింది. "నాకోసం ఇంకా అబద్ధం ఆడకు. చాలు."

"ఎన్నాళ్ళయింది మాస్టారూ?" అన్నాడు తాళాలాయన.

"ఎడమ కన్ను ఏడాదిన్నర. కుడిది ఏడాది. నడుమ చీకటి, అంచుల్లో కనబడుతుంది." ఎవరినీ చూడకుండా చెప్పాడు. "మీకెలా తెలిసింది?"

"తలుపు మీద గీతలు. మీ గోరు. రిజిస్టరులో సంతకం. కానీ చూపు లేనంత మాత్రాన నేరం చేసినట్టు కాదు గదా. అందుకని గోడ చదివేదాకా ఆగాను."

"కంపెనీవాళ్ళ అసలు కాగితంలో కొలతలన్నీ గడుల్లో ఉంటాయండీ. గడి గీతకు ఆనుకుని ఐదు అంకె. నాకది పదిహేనులా కనబడింది. అమ్మాయి ఒకటి మర్చిపోయింది, మళ్ళీ తిట్లు తింటుంది అనుకున్నాను. సంతకం అప్పటికే పెట్టేశాను. ఫైలు ముట్టుకోకుండా, అచ్చుకెళ్ళే పేజీ మీద నేనే కలంతో ఒకటి అంకె చేర్చి పంపేశాను. ఇరవై ఆరు సాయంత్రం ఫోనొచ్చాక భూతద్దం పెట్టి చూశాను. గీత. ఒట్టి గీత. పొద్దున్నే ఎనిమిదింటికి వచ్చాను."

"వచ్చి ఆమె మెడకు చుట్టారు" అన్నాడు కోటు సారు.

"చెప్తే ఆ రోజే కుర్చీ పోయేదండీ."

టైపమ్మ అప్పుడు తల తిప్పింది. "నాతో చెప్పాల్సింది అన్నయ్యా. రోజూ నేను చదివి పెట్టేదాన్ని. ఎవరికీ తెలియకుండా చదివేదాన్ని." కాస్త ఆగింది. "మీ కుర్చీ ఉంచుకోవడానికి నన్ను జైల్లో కూర్చోబెడతారా?"

మాస్టారు ఎర్ర కలం జేబులోంచి తీసి గుత్తి పక్కన పెట్టాడు.

యజమాని ఏదో అనబోయాడు. తాళాలాయన వినిపించుకోలేదు. ఆయన మనసులో ఇందాకట్నుంచీ ఒక సంగతి నలుగుతోంది.

"సార్, ఆ దొంగ పన్నెండు వరస కింద ఇరవై ఏడే ఉందన్నారు. మధ్యలో మూసేసినట్టు రాత ఉండాలి గదా. మీరు చదవలేదు."

కోటు సారు తెరవైపు తిరిగాడు. "ఇరవై ఏడు కోసం మధ్యవి దాటేశాను... ఉంది. పదకొండూ పద్దెనిమిది, జ్వరం సిరప్. పదకొండూ ఇరవై, భద్రపరిచారు. పదకొండూ ఇరవై నాలుగు..." మాట ఆగిపోయింది.

"చదవండి."

"ఇంకో ఫైలు తెరిచారు. కడుపునొప్పి చుక్కలు. ఏడాది లోపు పిల్లలకి. పదకొండూ ఇరవై ఆరు, భద్రపరిచారు. మూసేశారు."

కోడలు ఆయన్ని దాదాపు పక్కకి నెట్టి వంగింది. "ఆ ఫైలుకి కూడా వెనక్కి మీట నొక్కండి సార్. తొందరగా."

నొక్కాడు. 12 చుక్కలు అని ఉన్నది 2 చుక్కలు అయింది.

గదిలో అందరికీ ఒక్కసారే అర్థమైంది. అచ్చులో తప్పు ఉంటేనే ఫైలు దానికి సరిపోయేట్టు మారుస్తారు. రెండోది కూడా తప్పే అచ్చయింది. దాని గురించి ఇంకా ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

"ఆ కాగితాలెక్కడున్నాయి?" అన్నాడు తాళాలాయన.

యజమాని గోడ వదిలి ముందుకొచ్చాడు. "ఫ్యాక్టరీలో. పెట్టెల్లో పెట్టేశారు. ఇవాళ రెండున్నరకి లారీ బయల్దేరాలి."

గోడ గడియారంలో రెండూ నలభై.

మొదట లేచింది టైపమ్మ. ఫోన్ అందుకుని, నంబరు ఎవర్నీ అడక్కుండా నొక్కింది. అచ్చాఫీసు నుంచి ఫ్యాక్టరీకి రోజుకు నాలుగుసార్లు మాట్లాడేది ఆమే. "గేటేనా? నేను టైపింగ్ సెక్షన్ నుంచి. చుక్కల మందు లారీ ఆపండి. ఏమిటి? ఎంతసేపయింది? డ్రైవర్ నంబరివ్వండి. అవతల మీ సారు భోజనం చేస్తుంటే మెతుకుల చేత్తోనే లేపి పిలవండి, నేను తిట్లు పడతాను. ముందు నంబరివ్వండి!"

నంబరు కాగితం మీద రాసింది. కోటు సారు ఆ కాగితం అందుకుని మెట్లవైపు పరుగెత్తాడు. పరుగెడుతూనే కోటు విప్పి చేతిమీద వేసుకున్నాడు. యజమాని ఆయన వెనకే దిగాడు.

తాళాలాయన మాస్టారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఈ రెండు ఫైళ్ళే ఎందుకు మార్చారు?"

"ఆ రాత్రి ఏడాదిగా అచ్చయిన కాగితాలన్నీ ఇంట్లో పరుచుకున్నానండీ. గడి గీతలున్నవన్నీ భూతద్దంతో అసలు కాగితంతో సరిచూశాను. తెల్లారేదాకా."

"మొత్తం ఎన్ని?"

"నూట నలభై."

"మరి తప్పులు రెండేనా?"

మాస్టారు తల ఎత్తాడు. చూపు తాళాలాయన ముఖం మీద ఆనలేదు. చెవి పక్కన ఎక్కడో ఆగింది.

"నాకు కనిపించినంత మటుకు రెండేనండీ" అన్నాడు.

టైపమ్మ ఫోన్ పెట్టేసింది. బల్లమీద ఉన్న గుత్తి తీసుకుని, నడవా చివర, అసలు కాగితాలుండే అలమర వైపు నడిచింది.